చెవి మేస్త్రీ ఆఖరి ఇంజను

మా నాన్నని అందరూ చెవి మేస్త్రీ అనేవాళ్లు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే, ఇంకా కంటికి కనపడకముందే, "వాల్వు వదులైంది" అనో, "చైను సాగింది" అనో చెప్పేసేవాడు. బండి మనిషి స్టాండు వేసి తన గోడు మొదలుపెట్టేలోపు నాన్న పానా పట్టుకుని కూర్చునేవాడు. అలాంటి మనిషికి చెవులు పోతున్నాయని అందరికంటే ముందు కనిపెట్టినదాన్ని నేను. కనిపెట్టి నోరు కుట్టేసుకున్నదాన్ని కూడా నేనే.

ఒక్కసారిగా పోలేదు. నలభై ఏళ్లు రేకుల షెడ్డులో సుత్తి మోతల మధ్య, గ్రైండరు పక్కన బతికితే అలాగే పోతాయట. ముందు సన్నని శబ్దాలు పోతాయి, లావు శబ్దాలు మిగులుతాయి. ఇంజను దడదడ నాన్నకి శుభ్రంగా వినిపించేది. లారీ హారను వినిపించేది. వెనకాల తాళంచెవుల గుత్తి కింద పడితే మాత్రం తిరిగి చూసేవాడు కాదు. ఇంజను మోత వినపడుతోంది కాబట్టి తన చెవులకి ఢోకా లేదని ఆయన నమ్మకం. లేదంటే నమ్మినట్టు నటన. రెంటిలో ఏదో నేనెప్పుడూ అడగలేదు.

అమ్మది సన్న గొంతు. వంటింట్లోంచి ఎంత పిలిచినా నాన్న పలికేవాడు కాదు. అన్నయ్యది కంచు గొంతు, వాడు వీధి గుమ్మంలోంచి "నాన్నా" అంటే చాలు, తల తిప్పేవాడు. దాంతో అమ్మకి లెక్క తేలిపోయింది. "కొడుకు పిలిస్తే ప్రాణం లేచొస్తుంది, పెళ్లాం పిలిస్తే ఈగ వాలినట్టయినా ఉండదు" అనేది. మొదట్లో పోట్లాడింది. ఆ పోట్లాటలో సగమే ఆయనకి చేరేది, అందుకని సగానికే జవాబిచ్చేవాడు, అది ఇంకా ఒళ్లు మండించేది. నేను చెప్పబోయే వేసవి నాటికి అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసి రెండేళ్లు. కంచం బల్ల మీద టక్కున పెట్టి వెళ్లిపోయేది.

నేను ఒక్క ముక్క చెబితే ఆ కోపం అక్కడికక్కడే చల్లారిపోయేది. చెప్పలేదు. అమ్మకి చెబితే అన్నయ్యకి చేరుతుంది. అన్నయ్యకి చేరితే షెడ్డు మూతపడుతుంది. షెడ్డు లేకపోతే నాన్న ఏమైపోతాడోనన్న భయం సగం, నేనేమైపోతానోనన్న భయం సగం. నిజం ఒప్పుకోవాలంటే రెండో సగమే కాస్త పెద్దది. పదిహేనేళ్లుగా ఆ షెడ్డులోనే నాన్న పక్కన పనిచేస్తున్నాను. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు నా గోళ్లలో గ్రీజు చూసి వచ్చిన దారినే పోయారు. నాకూ పెద్ద బెంగ కలగలేదు. నాకు తెలిసిన పని ఒక్కటే, ఉన్న చోటూ ఒక్కటే.

షెడ్డులో మా ఇద్దరికీ ఒక పద్ధతి దానంతటదే కుదిరింది. ఎవరైనా బండి తెస్తే నేను నాన్నకి ఎదురుగా నిలబడి, వాళ్లన్న మాటే నాకర్థం కానట్టు మళ్లీ అనేదాన్ని, పెదాలు బాగా కదిపి. "అంటే, గేరు మారుస్తుంటే అరుస్తోందా?" అని. ఆయన భుజం మీద ఒకసారి తడితే ఇటు చూడమని. రెండుసార్లు తడితే ఆపమని. ఈ సైగలు ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను. వాటి గురించి మేం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

కానీ నిప్పుని ఎన్నాళ్లు మూటగట్టి దాస్తాం? ఆ వేసవికి ముందు చలికాలంలో రెండు బళ్ల పని బెడిసికొట్టింది. నాన్న బాగుందని పంపించిన బండిలో బేరింగు కీచుమని అరుస్తోందని ఒకాయన గొడవ. రెండో ఆయన మా దగ్గరికి రాకుండా నేరుగా కొత్త బళ్ల షోరూముకి పోయాడు. అక్కడ సర్వీసు మేనేజరు మా అన్నయ్యే.

*

డ్రాయింగ్ మాస్టారు తన బండిని తోపుడు బండి మీద ఎక్కించి తీసుకొచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. ఇరవై ఏడేళ్లుగా సామాన్ల గదిలో టార్పాలిన్ కింద పడున్న పాత మోటారు సైకిలు. ట్యాంకు మీద రంగు పెచ్చులు, టైర్లు నేలకి అంటుకుపోయిన ఆనవాళ్లు.

"దీని మీంచి ఒకసారి పడ్డాను మేస్త్రీ," అన్నాడు మాస్టారు. "మా అమ్మ ఒట్టేయించుకుంది, తను బతికుండగా మళ్లీ ఎక్కకూడదని. ఆవిడ తొంభై మూడేళ్లు బతికింది. నన్నేం చెయ్యమంటావు?"

నాన్న పగలబడి నవ్వాడు. మాస్టారిది లావు గొంతు, ఒక్క ముక్క కూడా పోకుండా అందింది.

"ఒక్కటే కోరిక. నేనూ మా ఆవిడా కలిసి దీని మీద కొండ మీదికెళ్లాలి. వయసులో ఉన్నప్పుడే ఇద్దరం ఎక్కితే ఆయాసపడేది. కాస్త బలం పెంచగలవా?"

"కొంచెం పెంచుదాం మాస్టారూ. మరీ గుర్రాన్ని చేస్తే దానికీ ప్రమాదం, మీకూ ప్రమాదం."

ఆ ఆదివారమే అన్నయ్య వచ్చాడు. షెడ్డు మధ్యలో నిలబడి, జేబుల్లో చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు. వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది.

"నాన్నా, ఇంక చాలు. పేరున్నప్పుడే తప్పుకోవాలి. ఇవాళ బేరింగు, రేపు బ్రేకు అవుతుంది. ఎవడో ఒకడి ప్రాణం మీదికొస్తుంది."

"నా చేతి కింద ఎవడి ప్రాణమూ పోలేదురా."

"అదే, పోకముందే అంటున్నా." అన్నయ్య మాస్టారి బండి వంక చూశాడు. "సరే. ఇది కొండెక్కితే నేను మళ్లీ నోరెత్తను. ఎక్కకపోతే షెడ్డు తాళాలు నా చేతికివ్వాలి."

"రాసుకో. వానలు పడేలోగా ఎక్కిస్తా," అన్నాడు నాన్న.

*

ఇంజను బిగుసుకుపోయి ఉంది. కిక్ రాడ్డు మీద నేను రెండు కాళ్లతో నిలబడినా వెంట్రుకవాసి కదల్లేదు. ఇలాంటప్పుడు బలం ఉపయోగిస్తే చేజేతులా చంపుకున్నట్టే. ప్లగ్ విప్పి, ఆ బెజ్జంలోంచి కిరోసినూ ఆయిలూ కలిపి పోశాం. రోజూ పొద్దున్నే కొంచెం పోయడం, కాస్త కదిపి చూడటం, ఊరుకోవడం. అయిదో రోజు వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపుతుంటే లోపల ఏదో చిన్నగా వదిలింది. నాన్న అరచెయ్యి ఇంజను మీదే ఉంది. "వచ్చింది," అన్నాడు నెమ్మదిగా, నిద్రపోయే పిల్ల లేస్తుందేమో అన్నట్టు.

తర్వాత మూడు వారాలు నా బతుకులో మంచి రోజులు. సైలెన్సర్లోంచి ఎలుక గూడు బయటపడింది, అందులో అంతా మాస్టారు ఎప్పుడో దిద్దిన డ్రాయింగు కాయితాల ముక్కలే. "పోన్లే, నా శిష్యుల బొమ్మలు ఎవరికో పనికొచ్చాయి," అన్నాడాయన. కార్బురేటర్లో పాత పెట్రోలు బంకలా గట్టిపడింది, వేణ్ణీళ్లలో మరిగించి సూదితో జెట్ల బెజ్జాలు పొడిచాను. సిలిండరు తుప్పు పోయేదాకా లేతు మేస్త్రీ లోపలి గోడ అరగదీసి బోరు పెంచాడు. అసలు పిస్టను ఎక్కడా దొరకలేదు. వేరే బండిది, నెత్తి కొంచెం ఉబ్బుగా ఉన్నది తెచ్చి, సరిపోయేలా చెక్కించాడు నాన్న. ఆయిలుకి కొత్త రకం ఫిల్టరు అమర్చాడు. లైటు కాంతి పెంచాడు. పైకి చూస్తే పాత బండే. లోపల మాత్రం కొత్త ఊపిరి.

మొదటిసారి స్టార్టయింది ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక. ఎనిమిదో కిక్కుకి దగ్గింది, తొమ్మిదికి తెల్లటి పొగ కక్కింది, పదో కిక్కుకి అందుకుంది. ధడ్, ధడ్, ధడ్ అని రేకులు అదిరాయి. నాన్న మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. కాసేపు తిప్పి ఆపేశాడు.

ఆ మోతకి అమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ నాన్న వెనకగా నిలబడింది. రెండేళ్ల తర్వాత, తనంతట తనే అంది.

"మోత బావుందండీ. మనం ఈ వీధిలోకి వచ్చిన కొత్తలో మాస్టారు దీని మీద వెళ్తుంటే అందరం చూసేవాళ్లం."

నాన్న వంగి ఆయిలు కారుతోందేమోనని చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. నేను బండికి అవతల పక్క ఉన్నాను. చెయ్యి చాపినా భుజం అందదు. పోనీ, ఇటు తిరుగు నాన్నా అని అరవచ్చు. అరవలేదు. అమ్మ ఇంకో క్షణం ఆగింది. తర్వాత నా వంక చూసింది, చూశావా అన్నట్టు. లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయనతో తనంతట తను మాట్లాడింది లేదు.

*

నెత్తి ఉబ్బిన పిస్టను పెడితే ఇంజనులో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ప్లగ్ నిప్పు కాస్త ఆలస్యంగా పడాలి. తొందరపడితే పెట్రోలు వేళకాని వేళ పేలి, పిస్టను నెత్తిన సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. బయటికి ఆ దెబ్బ సన్నగా, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్లు దీపం పెట్టి, కొలతలు చూసి సరిచేస్తారు. నాన్నకి అవేవీ అక్కర్లేదు. పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి కళ్లు మూసుకునేవాడు. తర్వాత వంతెన ఎత్తు మీదికి నడిపి, గలగల వినిపిస్తే, నిప్పు పడే వేళని మార్చే ప్లేటుని ఒక్క పిసరు వెనక్కి జరిపి బిగించేవాడు. బిగించాక స్క్రూకీ ప్లేటుకీ కలిపి ఎర్ర పెయింటు చుక్క పెట్టేవాడు. ఎవరు కదిపినా ఆ చుక్క విరుగుతుంది. చుక్క పడిందంటే ఆ పని అయిపోయినట్టు. దాన్నింక ఎవరూ ముట్టుకోకూడదు, నేను కూడా.

వంతెన మీదికి నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ఇద్దరి బరువుతో చూడాలిగా. ఎత్తు మొదలవగానే నాకు వినిపించింది. ట్యాంకు కింద, సన్నగా, గలగలమని. పైదాకా వినిపిస్తూనే ఉంది.

పైన ఆపాడు. కింద నది ఎండిపోయి ఇసుక మెరుస్తోంది. కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుని, నా మొహంలోకి చూశాడు.

"ఎలా ఉందమ్మా మోత?"

నలభై ఏళ్లలో ఆయన ఇంకొకరిని మోత ఎలా ఉందని అడగడం అదే మొదలు. అడిగేటప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గలగలమంటోంది నాన్నా అంటే, నీకు వినపడటం లేదు అన్నట్టే. ఆయన మొహం మీద ఆ మాట ఎలా అనను? నాన్న భోజనానికి వెళ్లినప్పుడు నేనే ప్లేటు కాస్త వెనక్కి జరిపేద్దాం, ఎవరికీ తెలియకుండా పోతుంది అనుకున్నాను.

"బావుంది నాన్నా."

"బావుందా?"

"చాలా బావుంది."

షెడ్డుకి రాగానే, బండి వేడైనా తగ్గకముందే, పెయింటు సీసా తీసి చుక్క పెట్టేశాడు.

ఆయన భోజనానికి వెళ్లాక ప్లేటు మీది మూత విప్పాను. చుక్క ఇంకా తడిగా ఉంది. స్క్రూడ్రైవరు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కదిపి, మళ్లీ చుక్క పెట్టొచ్చు. కానీ నాన్న చేతి చుక్కకీ నా చుక్కకీ తేడా ఆయన కనిపెట్టకుండా ఉంటాడా? కళ్లు ఇంకా డేగ కళ్లే. అప్పుడు అదీ చెప్పాలి, ఇదీ చెప్పాలి. ఒకసారి ఎక్కితే ఏం కాదులే, దారిలో నెమ్మదిగా పొమ్మందాం అనుకుని మూత బిగించేశాను. పిరికివాళ్లకి రేపు అనేది ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

*

మబ్బులు కమ్ముతున్న ఒక ఉదయం కొండకి బయల్దేరాం. మాస్టారూ ఆయన భార్యా బస్సులో ముందే వెళ్లి పైన కూర్చున్నారు. దిగేటప్పుడు వాళ్లు బండి మీద దిగాలి, మేం బస్సులో. ఎక్కేటప్పుడు నాన్న నడపాలి, బరువు కోసం నేను వెనక. అన్నయ్య తన బండి మీద వెనకాలే వచ్చాడు.

"నెమ్మదిగా పోదాం నాన్నా," అన్నాను బయల్దేరేముందు, ఎదురుగా నిలబడి.

"దీన్ని చూసి నీకెందుకే భయం? పులిలా ఉంది."

మొదటి రెండు మలుపులు బాగానే సాగాయి. మూడో మలుపు నుంచి గలగల మొదలైంది. నాలుగో మలుపులో డబ్బా నిండా రాళ్లయ్యాయి. అయిదో మలుపు దాటాక అది నా మోకాళ్ల దాకా తెలుస్తోంది. నా చెయ్యి నాన్న భుజం మీదే ఉంది. రెండుసార్లు తడితే చాలు. ఆయన ఆపేవాడు, ఎందుకని కూడా అడిగేవాడు కాదు. ఇంకో మూడు మలుపులే కదా అనుకున్నాను. ఇంకో రెండే కదా అనుకున్నాను. పైన మాస్టారు చెయ్యి ఊపడం కనిపిస్తోంది.

ఠప్పుమని ఒక్క శబ్దం, ఆ వెంటనే ఇనుము ఇనుముని కొరికినట్టు ఇంకోటి. వెనక చక్రం బిగుసుకుని బండి అడ్డంగా జారింది. నాన్న ఎడమ చెయ్యి అప్పటికే క్లచ్చు నొక్కేసింది. బండి నిలదొక్కుకుని, లోయ వైపు రాతి గట్టుకి రెండడుగుల ఇవతల ఆగింది. ఇంకెవరైనా అయితే ఇద్దరం కింద ఉండేవాళ్లం. ఆ చేతులకి ఏ లోటూ రాలేదు.

అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. మొహం పాలిపోయింది. నన్ను తడిమి చూశాడు, నాన్నని తడిమి చూశాడు. మాస్టారు పైనుంచి నడుచుకుంటూ దిగొచ్చి, పొగ కక్కుతున్న ఇంజను ముందు కూలబడ్డాడు.

"మా అమ్మే గెలిచింది మేస్త్రీ," అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

*

మర్నాడు పొద్దున్న నేనూ నాన్నా ఇంజను విప్పాం. కనెక్టింగ్ రాడ్డు వంగి ఇంజను కేసు అడ్డంగా చీలింది. ఆ కేసు ఇంకెక్కడా దొరకదు, అతికినా నిలవదు. నాన్న పిస్టను తీసి గుడ్డతో తుడిచి, వెలుతురులో పట్టుకుని చూశాడు. నెత్తి మీద బొటనవేలు పట్టేంత కన్నం. చుట్టూ చీమలు తొలిచినట్టు సన్నని గుంటలు. ఆయన చాలాసేపు ఆ గుంటల మీద వేలు పెట్టి రాశాడు.

"ఇది ఒక్క నిమిషంలో అయిన పని కాదు," అన్నాడు. "చచ్చేముందు చాలాసేపు అరిచి ఉంటుంది."

నేను విప్పిన నట్లు ఏరి పళ్లెంలో వేశాను.

"ఎప్పట్నుంచి విన్నావు?"

"వంతెన దగ్గర్నుంచి."

తిట్టి ఉంటే బావుండేది. చేతిలో ఉన్నదాన్ని నా మీదికి విసిరినా బావుండేది. పిస్టను బల్ల మీద పెట్టాడు, కన్నం కిందికి వచ్చేలా తిప్పి.

"నేను అడిగాను కదమ్మా," అన్నాడు. "నోరు తెరిచి నిన్నే అడిగాను."

నేను ఏడ్చాను. ఆయన దగ్గరికి రాలేదు. పానాలు ఒక్కొక్కటే తుడిచి గోడకి ఉన్న మేకులకి తగిలించాడు. అన్నీ అయ్యాక నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"చెవిటివాణ్ణని ఎవరికీ చెప్పకు. అమ్మకి అసలే చెప్పకు."

"అమ్మకి చెబితే కోపం పోతుంది నాన్నా. ఇన్నేళ్లూ అమ్మ..."

"కోపం పోయి జాలి వస్తుంది. జాలి నాకొద్దు. పొగరుబోతుననుకోనీ, నాకలవాటే." షెడ్డు తాళాల గుత్తి జేబులో వేసుకుంటూ అన్నాడు, "నీ సంగతి నేను చూసుకుంటాలే."

మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. ముగ్గురం బల్ల ముందు కూర్చున్నాం, అమ్మ వడ్డించింది. అడక్కముందే నాన్న తాళాల గుత్తి తీసి అన్నయ్య కంచం పక్కన పెట్టాడు.

"దీని తప్పు లేదురా," అన్నాడు నా వైపు చెయ్యి చూపించి. "వంతెన మీదే చెప్పింది, మోత తేడాగా ఉంది, సరిచెయ్యమని. కొండ మీదా చెప్పింది. నేనే లక్ష్యపెట్టలేదు."

"చెప్పినా ఆపలేదా?" అన్నయ్య కలుపుతున్న ముద్ద వదిలేశాడు. "వెనక కన్నకూతురు కూర్చుని ఉంటే?"

"ఈ మనిషి ఎవరి మాట ఖాతరు చేశాడు గనక!" అంది అమ్మ. అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారి బయటికొచ్చింది. "నన్నెలాగూ మనిషిలా చూడలేదు. పిల్లనైనా బతకనివ్వాలా వద్దా?"

అన్నయ్య తాళాలు నా వైపు తోశాడు.

"షెడ్డు మూసేద్దామనే వచ్చాను. కానీ నీకు పని తెలుసు, తప్పయితే తప్పని చెప్పే ధైర్యమూ ఉంది. నువ్వే చూసుకో. నాన్న మాత్రం అందులో అడుగు పెట్టకూడదు." అని నా మొహంలోకి చూశాడు. "నిజంగా చెప్పావు కదూ?"

అమ్మ కళ్లు తుడుచుకుంటూ నా వంక చూసింది. నాన్న కూడా చూస్తున్నాడు, నా కళ్లలోకి కాదు, నా పెదాల వంక. ఆయనకి వినపడదన్న ఒక్క మాట చాలు. అమ్మకి మొగుడు తిరిగొస్తాడు, నాకు షెడ్డు పోతుంది.

"చెప్పానన్నయ్యా," అన్నాను.

నాన్న తల వంచుకుని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. నేను తాళాలు తీసుకున్నాను.